దాచుకున్న తొమ్మిది నిమిషాలు

ఇప్పుడు మీకొక మహాగాథ చెప్పబోతున్నాను. ఇందులో ఆకాశం ఉంది, ఆకాశంలో తిరిగే రథాలున్నాయి. వాన ముఖం చూడని నేల ఉంది. ఆ నేల మీద ఒక కోట, ఆ కోటను ఒంటి చేత్తో కాపాడే వీరనారి, ఆమె రహస్యాన్ని శత్రువుకు చేరవేసిన ద్రోహి ఉన్నారు. చివర్లో కోట కూలుతుంది.

అంత సీను లేదు. కోట అంటే ఒక చిన్న విమానాశ్రయంలో మా కంపెనీ పెట్టుకున్న కౌంటరు. రథం అంటే డెబ్బై చిల్లర సీట్లున్న పంకాల విమానం, రోజుకు ఒక్కసారి వచ్చిపోయేది. వీరనారి ఆ కౌంటరుకు పెద్ద, మోకాళ్ళ నొప్పులకు రోజూ మాత్ర వేసుకునేది. ద్రోహిని నేను. ద్రోహం చేసే సమయానికి పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. శత్రువంటూ ఎవరూ లేరు. మా సారు ఉన్నాడు గానీ ఆయన మంచివాడే. అదే ఇబ్బంది.

మాది పెరుగుతున్న విమానాల కంపెనీ. నేను చేరినప్పుడు విమానాలను చేతివేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళం. రెండేళ్ళు తిరిగేసరికి కాలివేళ్ళు కలుపుకున్నా చాలలేదు. ఏ విమానం ఏ ఊరికి, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని సీట్లతో పోవాలో లెక్క కట్టే జట్టులో నేనొకణ్ణి. అప్పటికి నేను విమానం ఎక్కి ఎరగను. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆఫీసు బెంగళూరులో. అక్కడ కుర్చీలు చాలక మా జట్టును ఇంటినుంచే పని చేసుకోమన్నారు. విమానాల్లో సీట్లు సర్దే మనుషులకు ఆఫీసులో సీట్లు సర్దలేకపోయారు. మా ఊరు కంబదూరు పక్కన. అక్కడ నెట్టు కూడా వానలాంటిదే, వస్తుందని చెబుతారు. అందుకని హైవే పక్కన రాప్తాడులో మేడ మీద ఒక గది బాడుగకు తీసుకున్నాను. కిటికీ తీస్తే లారీల చప్పుడు, ఎర్ర దుమ్ము. మూసేస్తే ఫ్యాను చప్పుడు, వేడి. ఉదయం ఏది కావాలో నేనే ఎంచుకోవచ్చు. ఉద్యోగంలో నాకున్న పూర్తి అధికారం అదొక్కటే.

ఒకరోజు ఊరికే, నాతో మనుషులు మాట్లాడే మాటలు లెక్కపెట్టాను. మీటింగుల్లో నాతో అందరూ అనేది ఒకే మాట, "మ్యూట్‌లో ఉన్నావు" అని. కింద ఇంటాయన ధర్మవరం పట్టుచీరల వ్యాపారం చేసేవాడు. మెట్ల దగ్గర కనపడితే తల పైకెత్తి ఆకాశాన్ని చూపించేవాడు.

"ఏమప్పా, దినామూ మన రాప్తాడు మీద్నే పోతాండాయి కదా. ఒకటన్నా ఈడ దింపరాదా?"

"రన్‌వే లేదన్నా."

"హైవే ఉండాది కదప్పా. ఆరు లైన్లు చేస్తామంటాండారు."

ఆయనతో వారానికి ఒకసారి ఇదే మాట. ఇది కాక కర్రీ పాయింటు మనిషి "పార్సిలా?" అనేవాడు. నేను అవుననేవాణ్ణి. ఎప్పుడూ పార్సిలే. అయినా ప్రతిసారీ అడిగేవాడు. అది నాకు మర్యాదగానే అనిపించేది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మాత్రం ఒక ఫోను వచ్చేది.

ఆ చిన్న విమానాశ్రయంలో మా విమానం పన్నెండున్నరకు దిగి, ఒంటిగంటా అయిదుకు కదిలేది. ఎంతమంది ఎక్కారు, ఎన్ని సీట్లు ఖాళీ అన్నది కౌంటరువాళ్ళు నాకు మెయిల్లో పంపితే చాలు. కౌంటరు పెద్దకు మెయిలు మీద నమ్మకం లేదు. ఆమె సొంతూరు గోరంట్ల. వాళ్ళ నాయన సంతల్లో గాజులు అమ్మేవాడట. పెళ్ళై ఆ విమానాశ్రయం ఉన్న ఊరికి వచ్చి, మొదట విమానాశ్రయంలో సామాన్ల దగ్గర చేరి, మెల్లగా కౌంటరుకు పెద్దయింది. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"అరవై రెండు మంది ఎక్కినారు. ఇద్దరు రాలే. ఒకాయన బయట టీ తాగతా ఉండిపోయినాడు, పిల్సినా పలకలే. తిన్నావా అప్పా?"

"తిన్నానక్కా."

"ఏం తిన్నావు?"

"సంగటి, చెనిక్కాయ ఊరుబిండి."

"దినామూ సంగటే అంటావు. నీ గొంతు బిస్కెట్టు తిన్నట్టుండాది."

బిస్కెట్టే. ఆ మాట ఒప్పుకోకుండా రోజుకొక కూరో పచ్చడో కల్పించి చెప్పేవాణ్ణి. లెక్కల షీట్లలో ఎన్నడూ తప్పు రాయని వాణ్ణి, గోంగూర విషయంలో మాత్రం అన్నీ అబద్ధాలే. ఆ ఫోను రెండు నిమిషాలు, మహా అయితే మూడు. రోజంతటిలో నన్ను ఏదైనా అడిగి, జవాబు కోసం ఆగేది ఆ ఒక్క మనిషే. ఇక్కడ కన్నీళ్ళు పెట్టుకోవచ్చు గానీ రాప్తాడు ఎండలో అవి చెంప దాకా చేరవు.

ఇక ఆ నిమిషాల సంగతి. విమానం గాల్లో ఉంటే సంపాదన, నేల మీద ఉంటే దండగ, పని లేకుండా కట్టేసి మేపే ఎద్దులాగ. అది దిగిన క్షణం నుంచి మళ్ళీ కదిలే దాకా పట్టే సమయాన్ని మేము టర్నరౌండ్ అంటాం. వచ్చినవాళ్ళు దిగాలి, సామాన్లు దించాలి, లోపల ఊడవాలి, ఇంధనం పట్టాలి, కొత్తవాళ్ళు ఎక్కాలి. అక్క స్టేషనుకు, అంటే ఆ చిన్న విమానాశ్రయానికి, మేమిచ్చిన సమయం ముప్పై అయిదు నిమిషాలు. ఆమె ప్రతిరోజూ సరిగ్గా ముప్పై అయిదుకే పంపేది. ఒక నిమిషం ఎక్కువ లేదు, ఒక నిమిషం తక్కువ లేదు. మనుషులు చేసే పని అంత కచ్చితంగా ఉండదు. నాకు అనుమానం వచ్చింది.

వెనకటి లెక్కలు తీసి చూశాను. ముందు ఊరినుంచే విమానం ఆలస్యంగా వచ్చిన రోజుల్లో ఆమె దాన్ని ఇరవై ఆరు నిమిషాల్లో తిప్పి పంపేసింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. టైముకు వచ్చిన రోజుల్లోనే ముప్పై అయిదు. అంటే రోజూ తొమ్మిది నిమిషాలు ఆమె చేతిలో మిగులుతున్నాయి.

ఆ మధ్యాహ్నం అడిగాను. 

"కనిపెట్టినావా?"

"అదే కదక్కా నా పని."

"లేటుగా వస్తే పరిగెత్తిస్తాము. టైముకొస్తే మనుషుల్లాగ ఎక్కిస్తాము. అంతే."

"మనుషుల్లాగ అంటే?"

"మాకొచ్చేటోళ్ళలో సగం మంది కొత్త. కువైట్‌కి పోయే ఆడోళ్ళు, ఆస్పత్రికి పోయే ముసిలోళ్ళు. మెట్ల కాడికి పోయి నిలబడతారు. వంగి కింద మెట్టు ముట్టుకుని కండ్లకద్దుకుంటారు. ఒకరు మొక్కితే ఎనకోళ్ళందరూ మొక్కుతారు. కొత్త బండి కాడ చేసినట్ల. కొందరికి మోకాళ్ళు వంగవు, ఇంకొకరు పట్టుకోవల్ల. వద్దనేదానికి నాకు నోరు రాదప్పా."

"దానికి తొమ్మిది నిమిషాలా?"

"నువ్వు లెక్కేసుకో. నీ పనే కదా." తరువాత గొంతు తగ్గించింది. "పైన చెప్పొద్దప్పా. ఆ తొమ్మిదీ ఉంటేనే నాకు జరుగుతాది."

చెప్పనన్నాను. నిజంగానే చెప్పకూడదనుకున్నాను. మా ఆలస్యాల పట్టికలో వాన, పొగమంచు, టైరు, ఇంధనం, పక్షి, అన్నిటికీ తలా ఒక అంకె ఉంది. మెట్టుకు మొక్కడానికి అంకె లేదు. లేనిదాన్ని ఎక్కడ రాస్తాం?

కొన్ని వారాలకు బెంగళూరు నుంచి ఒక జాబితా వచ్చింది. కంపెనీ పెరుగుతోంది, కొత్త ఊళ్ళకు విమానాలు కావాలి, కాబట్టి లాభం తక్కువున్న స్టేషన్లను మూసి ఆ విమానాలను అటు మళ్ళించాలి. మూసే వరసలో అక్క స్టేషను మూడోది. మీటింగు మరుసటి రోజే.

మా సారు గుంటూరు వైపు మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు, మనుషుల పుట్టినరోజులు గుర్తు పెట్టుకుంటాడు. ఆయన తెర మీద జాబితా పెట్టి మొదటి పేరు చదివాడు, రెండోది చదివాడు. రెంటికీ ఎవరూ మాట్లాడలేదు. మూడోది చదవగానే నేను మాట్లాడడం మొదలుపెట్టాను. ఆ స్టేషను చాలా చురుకైనదని, మూయడం తప్పని, గట్టిగా, దాదాపు ఆవేశంగా చెప్పాను.

"మ్యూట్‌లో ఉన్నావయ్యా" అన్నాడు సారు.

ఊరుకోమని విధి ఇచ్చిన చివరి అవకాశం అదే. మ్యూట్ తీసి మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

"సార్, ఆ స్టేషన్లో వాళ్ళు ఇరవై ఆరు నిమిషాల్లో తిప్పగలరు. మన చిన్న స్టేషన్లలో అంత వేగంగా తిప్పేవాళ్ళు లేరు. నా దగ్గర లెక్క ఉంది."

మీటింగులో అందరూ ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. ఆ ఉద్యోగంలో చేరాక నా మాటకు జనం అలా ఆగడం అదే మొదలు. నాకు చాలా బాగుంది, దాచడమెందుకు.

"ఇరవై ఆరా?" సారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మరి మనం ముప్పై అయిదు ఎందుకిస్తున్నామయ్యా?"

దీనికి నా దగ్గర ఉన్నది చెప్పనని మాటిచ్చిన జవాబు. సగం మాట తప్పి సగం నిలబెట్టుకున్నాను. ఎప్పుడైనా ఒక మాట తప్పాల్సి వస్తే పూర్తిగా తప్పండి. సగం తప్పితే అంతకంటే నష్టం.

స్టేషను పేరు జాబితాలోంచి తీసేశారు. ఆ తొమ్మిది నిమిషాలు, ఇంకో రెండు ఊళ్ళలో గిల్లిన నిమిషాలు కలిపితే అదే విమానంతో సాయంత్రం వేరే ఊరికి ఇంకొక ట్రిప్పు తిప్పొచ్చని తేలింది. సారు నాకు అందరి ముందు శభాష్ అన్నాడు. నేను కిందికి దిగి ఒక ఎగ్ పఫ్, ఒక సోడా తెచ్చుకుని ఒక్కణ్ణే పండగ చేసుకున్నాను. అది కూడా చాలక మా నాయనకు ఫోను చేశాను. ఆయన కంబదూరు దగ్గర ఎనిమిదెకరాల మెట్ట సేద్యం చేస్తాడు. విమానాల సంగతి ఆయనకు తెలియదు. కథంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆయమ్మ కాడ మిగిలేది ఎన్ని నిమిషాలు?"

"తొమ్మిది, నాయనా."

"నువ్వు ఎన్నని చెప్పినావు?"

"తొమ్మిదే."



"మూడించీల నీళ్ళప్పుడు గూడ ఇట్లే చెప్పినావు" అన్నాడు. పెట్టేశాడు.

మూడించీల నీళ్ళ సంగతి ఇది. నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా మా చేన్లో బోరు వేయించారు. అంతకుముందు వేసిన రెండూ దుమ్ము కక్కాయి. మూడోదాంట్లో నీళ్ళు పడ్డాయి, మూడించీల పైపు నిండా. మా వైపు ఊళ్ళలో బోరులో నీళ్ళు పడితే ఎవడూ ఉన్నది చెప్పడు. మూడించీలు పడితే ఒకటిన్నర అంటాడు, అది కూడా ఏడుపు ముఖంతో అంటాడు. అడిగినవాడికీ అది అబద్ధమని తెలుసు. అయినా అలాగే చెప్పాలి, అలాగే వినాలి. నేను మాత్రం కల్యాణదుర్గం బస్సు కోసం నిలబడి, అడిగిన ప్రతివాడికీ మూడని చెప్పాను. పైగా చేతులతో చూపించాను. ఎండాకాలం లోపల మా గట్టు చుట్టూ నాలుగు బోర్లు దిగాయి. మా బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చీనీ, అదే బత్తాయి, మొక్కలకు ట్యాంకరు నీళ్ళు పోస్తూ ఆ కాలమంతా నాతో మామూలుగానే మాట్లాడాడు. అది కొట్టడం కంటే కష్టం అని రాయాలని ఉంది గానీ, కొట్టి ఉంటే ఇంకా కష్టంగానే ఉండేది.

ఇంత తెలిసిన మనిషిని నేను. తెలిసి కూడా, నీళ్ళున్న బోరును ఎవరూ పూడ్చరు కదా అనుకున్నాను.

కొత్త షెడ్యూలు వచ్చిన వారం నుంచి అక్క ఫోన్లు మారిపోయాయి.

"యాభై ఎనిమిది. ఆరు నిమిషాలు లేటు. పెడతాండా."

"అక్కా..."

"ఈడ సెక్యూరిటీ ఆయన అరస్తాండాడప్పా. పెడతాండా."

తిన్నావా అనడం ఆగిపోయింది. నేను కూర కల్పించుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. వంకాయ అని, చింతచిగురు అని. అడిగేవాళ్ళు లేక అవి నా దగ్గరే ఉండిపోయేవి.

విమానం ఇప్పుడు రోజూ ఇరవై ఆరు నిమిషాల్లో కదలాలి. ఎప్పుడో ఒకరోజు జనాన్ని పరిగెత్తించడం వేరు, రోజూ పరిగెత్తించడం వేరు. జనం మాత్రం ఎప్పటిలాగే కింద మెట్టు దగ్గర ఆగుతున్నారు, వంగుతున్నారు, మొక్కుతున్నారు. ఆరు నిమిషాల ఆలస్యం, ఎనిమిది, నాలుగు, తొమ్మిది. ఆ ఆలస్యం సాయంత్రం ట్రిప్పు దాకా జరుగుకుంటూ పోయేది. నేను సారుకు ఫోను చేసి ఆ స్టేషనుకు పాత సమయం ఇచ్చేద్దామన్నాను.

"ఎలా ఇస్తామయ్యా? సాయంత్రం ట్రిప్పుకు పండగల దాకా టిక్కెట్లు అమ్మేశాం. అయినా ఇరవై ఆరని చెప్పింది నువ్వేగా?"

"కొత్తవాళ్ళు ఎక్కువ సార్. మెట్ల దగ్గర ఆలస్యం అవుతోంది."

"మెట్ల దగ్గర ఏం చేస్తారు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. నిజంగానే కాసేపు ఆలోచించాడు. "మా అమ్మ కూడా అంతేనయ్యా" అన్నాడు. "కానీ దాన్ని ఏ కాలమ్‌లో రాయను?"

మూడు నెలలకు మళ్ళీ జాబితా వచ్చింది. ఈసారి కారణం లాభం కాదు, సమయపాలన. అక్క స్టేషను మూడోది కాదు, మొదటిది. నేను మ్యూట్ తీసే పెట్టుకున్నాను. చెప్పడానికి ఏమీ లేదు.

ఆఖరి విమానం రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. సారుకు జ్వరమని చెప్పాను, ఆయన మాత్ర పేరు కూడా పంపించాడు. విమానాల కంపెనీలో పనిచేస్తూ మా స్టేషనుకు నేను నాలుగు గంటలు ఎర్రబస్సులో పోయాను. ఐడీ కార్డు చూపిస్తే లోపలికి వదిలారు. కౌంటరు దగ్గర నీలం రంగు కోటు వేసుకుని, తలమీద నల్ల స్కార్ఫు కట్టుకుని, పొట్టిగా ఒకామె నిలబడి ఉంది. ఏమనాలో తెలియక "అక్కా" అన్నాను.

ఆమె పైనుంచి కింది దాకా చూసింది.

"ఇంత బక్కగా ఉండావేమప్పా. సంగటి తినేటోడు ఇట్లుంటాడా?"

విమానం వచ్చింది. అద్దాల వెనక నుంచి చూశాను. నా షీటులో డెబ్బై చిల్లర గడులుగా ఉండేది, ఎండలో చక్రాల మీద నిలబడి ఉంది. జనం నడిచిపోయారు. ముందు ఒక ముసలాయన, చేతిలో ఆస్పత్రి ఎక్స్‌రే కవరు. మెట్ల దగ్గర ఆగి, ఆ కవరును వెనకున్నామె చేతికిచ్చి, ఒక చెయ్యి రెయిలింగు మీద పెట్టి మెల్లగా వంగాడు. మెట్టు ముట్టుకున్న వేళ్ళను కళ్ళకద్దుకుని పైకెక్కాడు. వెనకామె కవరు చంకలో పెట్టుకుని తానూ వంగింది. ఆ వెనకాయన కూడా. నేను అలవాటు కొద్దీ ఫోను తీసి టైము చూశాను. మనిషికి ఎనిమిది సెకన్లు, పది సెకన్లు. లెక్క సరిపోయింది. ఆ రోజు అక్క ఎవరినీ తొందర పెట్టలేదు. విమానం పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఎవరూ ఫోను చేసి అడగలేదు.

తరువాత కౌంటరులో ఆమె సొరుగులు ఖాళీ చేస్తోంది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, ఆ తొమ్మిది నిమిషాలు చెప్పింది నేనే."

"తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"నాకు తెల్సు, నీకు తెల్సు. నేనైతే చెప్పలే."

పోలీసులు కూడా కేసును ఇంత తొందరగా తేల్చరు.

"స్టేషను నిలబెడదామని చెప్పినా."

"మంచికే చెప్పింటావు. మంచికి చెప్పినా చెప్పినట్టే కదప్పా." సొరుగులోంచి టేపు చుట్ట తీసి పక్కన పెట్టింది. ఆమె గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. అలసట ఉంది. 

"బెంగళూరులో ఉద్యోగం ఇస్తామన్నారంట కదా?"

"ఇస్తామన్నారు. మా ఆయన మెకానిక్ షాపు ఈడ, నేను ఆడ పోయి ఏం చేసేది? ఈడనే ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో మాట్లాడినా. జీతం సగమే. గంట కొడితే ఇంటికి పోవచ్చు." సొరుగు మూసి అడిగింది. "తిన్నావా?"

"లేదక్కా."

ఆమె కౌంటరు కింద నుంచి ఒక అట్టపెట్టె తీసింది. విమానంలో అమ్మగా మిగిలిన శాండ్‌విచ్. ఇద్దరం చెరి సగం తిన్నాం. రొట్టె అంచులు ఎండిపోయాయి, లోపల చల్లగా ఏదో ఉంది, అదేమిటో ఇద్దరికీ తెలియలేదు. దీన్ని కొనుక్కుని కూడా జనం మళ్ళీ మా విమానం ఎక్కారంటే మా కంపెనీ అదృష్టమే అన్నాను. అక్క ఆ మాటకు నవ్వింది. ఆమె నవ్వు ఫోన్లో విన్నదానికంటే చిన్నగా ఉంది.

తరువాత కొన్నాళ్ళు ఫోన్లు చేసుకున్నాం. స్కూల్లో ఒంటిగంటకు పిల్లల భోజనాలు, ఆమెకు తీరదు. సాయంత్రం నాకు మీటింగులు. మొదట వారానికి ఒకసారి, తరువాత రంజానుకు, ఉగాదికి. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రాప్తాడులో నా గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతుంది. ఆ స్టేషను మూసివేత పనులు కూడా, ఆ స్టేషను గురించి బాగా తెలిసినవాడినని, నాకే ఇచ్చారు. బరువు తూచే మిషను, రెండు వీల్‌చైర్లు, ఒక ప్రింటరు వేరే ఊళ్ళకు పంపించాను. కౌంటరు బల్ల మాత్రం అక్కడే వదిలేశాం. లారీ బాడుగ బల్ల ధర కంటే ఎక్కువవుతుందని తేలింది.